మోయ్‌జెల్ కాంటర్ సర్దుబాటు

మోయ్‌జెల్ కాంటర్‌కు అలసట కొత్త కాదు. కాకపోతే ఈ మధ్య అది నిద్రపోయి లేచినా వదలడం లేదు. ఆయనకు అరవై తొమ్మిదేళ్లు. అందులో ముప్పై రెండేళ్లు ఎర్లన్‌రోడ చర్చి బాల్కనీలో, జనానికి వీపు పెట్టి ఆర్గన్ వాయించడంతోనే గడిచిపోయాయి. ఊళ్లో సగం మందికి ఆయన ముఖం కంటే వీపే బాగా గుర్తు.

చర్చిలో పాటలు నడిపించే కాంటర్ అంటే ఆదివారం గంటసేపు వాయించి, ఇంటికి పోయి బంగాళదుంప ఉండలు తిని పడుకునే అదృష్టవంతుడని అనుకునేవాళ్లు ఉన్నారు. అలాంటివాళ్లను జనవరిలో ఒక చావుకు పిలిచి, కొసలు కత్తిరించిన చేతితొడుగులు తొడిగి, కాళ్ల కింద వేడి ఇటుక పెట్టి, ఇప్పుడు వాయించు నాయనా అనాలి. బుధవారం పిల్లలకు పాటలు నేర్పాలి. గురువారం గాయక బృందం. ఆ బృందంలో మగగొంతు ఒక్కటే, ఆ ఒక్కాయనకూ చెవుడు. పెళ్లికొచ్చిన ప్రతి జంటకూ అదే పెళ్లి మార్చ్ బాణీ కావాలి, అదీ తమకోసం ప్రత్యేకంగా వాయించినట్టుండాలి. మోయ్‌జెల్ ఇవన్నీ నోరెత్తకుండా చేశాడు. హాలె నగరంలో సంగీతం చదివే రోజుల్లో ఏదో ఒక పెద్ద కతీడ్రల్లో కుదురుకుంటానని అనుకున్నాడు. తర్వాత యుద్ధం, యుద్ధం తర్వాత ఖైదు, ఖైదు తర్వాత 1947లో ఈ ఊరు. ‘రెండేళ్లుండి పోదాంలే’ అని భార్య మార్తాతో అన్నాడు. మార్తా ఇప్పుడు చర్చి వెనక సమాధుల్లో ఉంది. ఆ రెండేళ్లు మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

యుద్ధం తర్వాత దేశాన్ని రెండుగా చీల్చిన సరిహద్దుకు అవతల ల్యూనెబుర్గ్‌లో ఆయనకు ఒక్కగానొక్క అక్క ఉంది. పేరు ఫ్రీడల్, వయసు డెబ్బై ఆరు. తోటవైపు కిటికీ ఉన్న గదిని తమ్ముడి కోసం మూడేళ్లుగా ఖాళీగా ఉంచింది. పని చేసే వయసులో ఉన్నవాడు సరిహద్దు వైపు తల తిప్పినా మా ప్రభుత్వానికి అనుమానమే గాని, పింఛను వయసు దాటిన ముసలివాళ్లు శాశ్వతంగా వెళ్లిపోతామంటే పెద్దగా అడ్డుపడదు. ఎవరి పోషణ ఎవరికి బరువో దానికి బాగా తెలుసు. మోయ్‌జెల్‌కు అనుమతి కాగితం ఏప్రిల్‌లోనే వచ్చింది. అది 1979 డిసెంబరు ముప్పై ఒకటి దాకానే చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లీ మొదటినుంచి అర్జీలు పెట్టుకోవాలి, ఈసారి ఇస్తారో లేదో ఎవరికీ తెలియదు. ‘నువ్వు వచ్చేసరికి నేనుండాలి కదరా’ అని అక్క ప్రతి ఉత్తరంలోనూ రాస్తోంది.

మరి వెళ్లిపోవచ్చు కదా అంటే, మాట ఇచ్చాడు. వెనకటి కాంటర్ యుద్ధంలో పోతే ఈ ఊరివాళ్లు రెండేళ్లపాటు పాటా స్వరమూ లేకుండా తమవాళ్లను పూడ్చుకున్నారు. మోయ్‌జెల్ వచ్చిన కొత్తలో ఆ సంగతి చెప్పి పెద్ద పెద్ద మగవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అది ఆయన మరిచిపోలేదు. అందుకే పాస్టరు థీమెతో, ‘ఇంకో కాంటర్ కుదిరితేనే కదులుతాను’ అన్నాడు. అన్నాక తెలిసింది, ఆ మాట తన మెడకే చుట్టుకుందని.

ఎందుకంటే ఎర్లన్‌రోడ ఆర్గన్ పాడైపోయి ఇరవై రెండేళ్లయింది. ఆ సంగతి మోయ్‌జెల్‌కు తప్ప ఊళ్లో మరొకరికి తెలియదు.

1957 చలికాలంలో చర్చి కప్పు కారి లోపల చెక్కలు తడిశాయి, గొట్టాలకు గాలి ఊదే తిత్తుల తోలు ఉబ్బింది. వారం మధ్యలో, చర్చి ఖాళీగా ఉన్నప్పుడు, అంతా బాగానే ఉంటుంది. ఆదివారం రెండువందల మంది చేరి, వాళ్ల ఊపిరితో లోపల చెమ్మ పట్టగానే మొదలవుతుంది. పై వరుసలో ఒక నల్ల మెట్టు ఉంది. దాన్ని ముట్టుకుంటే చాలు, వేలు తీసినా దానికి పలికే గొట్టం కూస్తూనే ఉంటుంది. కాలి మెట్లలో ఒకటి దిగితే మళ్లీ పైకి లేవదు. కుడివైపు చివర అయిదు గొట్టాలు మూగవి.

మరొకడైతే ఆ వారమే పాస్టరును పిలిచి చూపించేవాడు. మోయ్‌జెల్ సర్దుకుపోయాడు. ఆ నల్ల మెట్టు తగలకుండా పాటలన్నిటినీ ఒక మెట్టు కిందికి దించి వాయించడం నేర్చుకున్నాడు. మూగ గొట్టాల చోట ఎడమచేత్తో కింది వరుసనుంచి స్వరాలు ఎరువు తెచ్చాడు. లేవని కాలి మెట్టు ప్రతి పాటలోనూ రెండో పాదం చివరే వస్తుంది. అది వచ్చినప్పుడల్లా పక్కనున్న చెక్కను మడమతో గట్టిగా తన్నితే అది లేస్తుంది. తన్నడానికి ఒక్క ఊపిరంత వ్యవధి కావాలి కాబట్టి అక్కడ పాటను ఆపేవాడు. జనమూ ఆగేవారు. ఏడాది తిరిగేసరికి అది ఊరి అలవాటయింది, అయిదేళ్లకు గొప్పదనమైంది. ‘రెండో పాదం తర్వాత ఆగడం మా ఎర్లన్‌రోడ సంప్రదాయం’ అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. పక్క ఊళ్లకు వెళ్లినప్పుడు అక్కడ మనవాళ్లు మాత్రమే ఆగి నవ్వులపాలైనా, తప్పు అవతలివాళ్లదేనని తిరిగొచ్చేవారు. వెనకటి పాస్టరు ఒకసారి దానిమీద ప్రసంగం కూడా చేశాడు. ‘ఆ మౌనంలో దేవుడు మనతో మాట్లాడతాడు’ అన్నాడు. పైన బాల్కనీలో కూర్చున్న మోయ్‌జెల్, ఆ మౌనంలో నేను చెక్కను తంతున్నాను అనుకున్నాడు గాని పైకి అనలేదు.

ఒక్కసారి అవకాశం వచ్చింది. ఆర్గన్లు బాగుచేసేవాళ్లు మా దేశంలో వేళ్లమీద లెక్కపెట్టేంత మంది, వరసలో పేరు రాయించుకుంటే పన్నెండేళ్లు పట్టేది. ఆర్గన్ బాగున్న రోజుల్లోనే, 1952లో, మామూలు మరమ్మతుకని వెనకటి పాస్టరు పేరు రాయించి ఉంచడంతో 1964లో ఎర్లన్‌రోడ వంతు వచ్చింది. పరీక్షించడానికి చర్చి కార్యాలయం నుంచి వచ్చిన అధికారి ఎవరో కాదు, హాలెలో మోయ్‌జెల్ పక్క బల్ల మీద కూర్చుని చదివినవాడు. ఇప్పుడు వాడికి బొజ్జా, కారూ, పెద్ద హోదా ఉన్నాయి. మార్తా కాఫీ, రేగుపండ్ల కేకు తెచ్చి పక్కనే నిలబడింది. మంగళవారం కావడంతో చర్చి ఖాళీగా ఉంది, ఆర్గన్ కూడా బుద్ధిగా ఉంది. మోయ్‌జెల్ అరగంట వాయించాడు. వాడు కేకు పక్కన పెట్టి, ‘ఈ పల్లెటూళ్లో ఏం చేస్తున్నావురా నువ్వు?’ అన్నాడు. ‘ఆదివారాల్లో ఏమన్నా ఇబ్బంది పెడుతుందా?’ అని కూడా అడిగాడు.

‘ఏమీ లేదు’ అన్నాడు మోయ్‌జెల్.

ఆ ఒక్క మెప్పు కోసం అన్నాడు. ఎర్లన్‌రోడ వంతు ఓబర్‌వాల్ట్ అనే మరో ఊరికి పోయింది. ఆ రోజు నోరు తెరిచి ఉంటే ఈ రోజు ఇలా ఉండేది కాదని ఆయనకు తెలుసు, అందుకే ఎవరినీ తిట్టుకోలేడు.

1979 మేలో కాంటర్ పనికి మొదటి అభ్యర్థి వచ్చాడు. ఎర్ఫుర్ట్ నుంచి వచ్చిన పొడుగాటి కుర్రవాడు. శనివారం సాయంత్రం ఖాళీ చర్చిలో వాయించి చూసుకుని, బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఆదివారం ఆరాధనలో మొదటి పాట మొదటి పాదంలోనే నల్ల మెట్టు కూయడం మొదలుపెట్టి, ఆశీర్వాదం దాకా ఆపలేదు. కుర్రవాడు మధ్యాహ్నం భోజనానికి కూడా ఉండకుండా బస్సెక్కాడు. జూన్‌లో వచ్చిన గడ్డపాయన గట్టివాడే. ఆరాధన అయ్యాక సంఘ పెద్దల ముందుకే వచ్చి, ‘మీ ఆర్గన్‌కు జబ్బు చేసిందండీ’ అన్నాడు.

సంఘ పెద్దల్లో పెద్ద రొట్టెల ఫిష్ట్‌నర్. ఊళ్లో బేకరీ ఆయనదే. చేతులు బండవి, మనసు మెత్తన. మోయ్‌జెల్ అంటే ప్రాణం. ఆయన గడ్డపాయనను ఎగాదిగా చూసి, ‘మా కాంటర్ గారి చేతిలో దానికి ఏ జబ్బూ లేదే!’ అన్నాడు.

సోమవారం ఫిష్ట్‌నర్ కొట్లో రొట్టె కోసం నిలబడ్డ ఆడవాళ్లు తీర్పు చెప్పేశారు.

“పిల్లి తోక తొక్కినట్టు ఆ గోలేంటమ్మా! నాకు ఇప్పటికీ చెవుల్లో కుయ్యిమంటోంది” అంది హెర్తా అవ్వ.

“రెండో పాదం దగ్గర ఆగనే లేదు చూశావా అవ్వా? మనం ఆగాం, ఆయన పోతానే ఉన్నాడు. బస్సుకేమన్నా టైమైందేమో!”

“పైగా ఆర్గన్ బాలేదంట. వాయించడం రాకపోతే రాదని చెప్పాలి గానీ వంకలెందుకూ?”

“ఊరుకోండమ్మా” అన్నాడు ఫిష్ట్‌నర్ లోపలినుంచి. “మోయ్‌జెల్ లాంటోడు మళ్లీ దొరకడు. ఆయన్నే బతిమాలి ఉంచుకుందాం.”

వరసలో చివర మోయ్‌జెల్ నిలబడి ఉన్నాడు. అందరూ తిరిగి చూసి మురిపెంగా నవ్వారు. ఆయన రై రొట్టె తీసుకుని బయటికొచ్చాడు. ఎన్నాళ్లనుంచో వినాలనుకున్న పొగడ్త అది. తీరా వినబడ్డాక గుండె జారిపోయింది.

ఆ సాయంత్రమే పాస్టరునూ ఫిష్ట్‌నర్‌నూ బాల్కనీకి పిలిచి జరిగినదంతా చెప్పాడు. నల్ల మెట్టు, కాలి మెట్టు, మూగ గొట్టాలు, అన్నీ చెప్పాడు. పాస్టరు థీమె ముప్పై నాలుగేళ్లవాడు, మంచివాడే గాని సంగీతం విషయంలో గొంతు కలపడానికి కూడా భయపడే రకం. “ఏదీ, చూపించండి కాంటర్ గారూ” అన్నాడు.

మోయ్‌జెల్ నల్ల మెట్టు నొక్కాడు. చక్కగా పలికింది. వేలు తీశాడు, చక్కగా ఆగింది. కాలి మెట్టు నొక్కాడు. ఏ చప్పుడూ లేకుండా లేచింది.

“జనం ఉంటేనే ఇది మొరాయిస్తుంది” అన్నాడు ఆయన. మళ్లీ నొక్కి చూశాడు. “చెమ్మకు చెక్క ఉబ్బుతుంది.”

ఫిష్ట్‌నర్ ఆయన భుజం మీద చెయ్యేశాడు. “నాకర్థమైంది కాంటర్ గారూ. ఆ గడ్డపాయన పరువు పోకూడదని నింద మీ నెత్తిన, ఆర్గన్ నెత్తిన వేసుకుంటున్నారు. మీ మనసు నాకు తెలీదా?”

“నేను నిజం చెప్తున్నానయ్యా ఫిష్ట్‌నర్!”

“సరే సరే. ఇరవై రెండేళ్లనుంచి పాడైన ఆర్గన్ మీద మా అమ్మాయి పెళ్లికి అంత గొప్పగా వాయించారా మీరు? ఊరుకోండి సార్, నవ్విపోతారు.”

పాస్టరు కూడా నవ్వాడు. ముగ్గురూ మెట్లు దిగారు. మోయ్‌జెల్‌కు కోపం రావలసింది, రాలేదు. అంత ఓపిక మిగలలేదు.

సెప్టెంబరులో మూడో అభ్యర్థి వచ్చింది. పేరు కొర్నేలియా ఆర్ల్ట్, ఇరవై ఏడేళ్లు, పొట్టి జుట్టు, మోటారు సైకిలు మీద వచ్చింది. ఆ మోటారు సైకిలు చూసే హెర్తా అవ్వ సగం మార్కులు తీసేసింది. ఆదివారం ఆర్గన్ షరా మామూలుగా కూసింది. ఆ పిల్ల మాత్రం బెదరలేదు. కూస్తున్న గొట్టమున్న వరుసనంతా మూసేసి, సగం స్వరాలతోనే పాటలన్నీ నెట్టుకొచ్చింది. పెద్దలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని పెదవి విరిచారు.

ఆ మధ్యాహ్నం ఒక బాప్తిస్మం ఉంది. చర్చి నిండా చుట్టాలు. మోయ్‌జెల్ వాయించాలి. ఆ పిల్ల అడగకుండానే పైకొచ్చి ఆయన పక్కన నిలబడింది. మొదటి పాట అయ్యేదాకా ఆయన చేతుల వంకా, కాళ్ల వంకా కన్నార్పకుండా చూసింది. తర్వాత వంగి, కాలి మెట్ల పక్కనున్న చెక్కను చేత్తో తడిమింది. అక్కడ మడమ తగిలి తగిలి చెక్క గుంటపడి ఉంది.

“దేవుడా!” అంది మెల్లగా. “ఎన్నేళ్లనుంచి సార్?”

“ఇరవై రెండు.”

“ఎడమచెయ్యి కిందినుంచి పైకి అందిస్తోంది కదూ? పుస్తకంలో ఉన్నది ఒకటి, మీరు వాయించేది ఇంకొకటి. వినేవాళ్లకి మాత్రం పుస్తకంలో ఉన్నదే వినబడుతోంది. ఇలాంటిది నేనెక్కడా చూళ్లేదు సార్. మా పెద్ద ప్రొఫెసర్లు కూడా చెయ్యలేరు.”

మోయ్‌జెల్ ముఖం ఎర్రబడింది. రెండో పాటలో తడబడ్డాడు కూడా. పదిహేనేళ్ల కిందట పాత సహాధ్యాయి ఏమీ తెలియక మెచ్చుకున్నాడు. తెలిసి మెచ్చుకున్నది ఈ పిల్ల ఒక్కతే. ఆ సాయంత్రమంతా ఆయన ఇంట్లో ఊరికే అటూ ఇటూ తిరిగాడు, నవ్వు ఆగలేదు.

మర్నాడు పాస్టరూ ఫిష్ట్‌నర్ కలిసి వచ్చారు. ఫిష్ట్‌నర్ చేతిలో రేగుపండ్ల కేకు పళ్లెం ఉంది. అది చూడగానే మోయ్‌జెల్‌కు విషయం అర్థమైపోయింది.

“ఆ అమ్మాయి వద్దనుకున్నాం కాంటర్ గారూ” అన్నాడు పాస్టరు. “ఈ పనికి ఇంక అర్జీలు కూడా లేవు. మీరు ఈస్టర్ దాకా ఉంటే...”

“నా కాగితం డిసెంబరు దాకానే.”

“మళ్లీ పెట్టుకుంటే ఇస్తారు లెండి. మీలాంటి పెద్దమనిషికి ఇవ్వరా?”

“మా అక్కకు డెబ్బై ఆరు, పాస్టరు గారూ.”

పాస్టరు తల దించుకున్నాడు. ఫిష్ట్‌నర్ మాత్రం కేకు ముందుకు జరిపాడు. “మాట ఇచ్చారు గదా సార్. మీరు మాట తప్పే మనిషి కాదని మాకు తెలుసు. మా అమ్మకి తొంభై. ‘నా చావుకి మోయ్‌జెలే వాయించాల’ అని రోజూ అంటోంది.”

వాళ్లు వెళ్లాక మోయ్‌జెల్ కేకు ముట్టుకోకుండా కూర్చున్నాడు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. అదే కష్టం. చెడ్డవాళ్లయితే తలుపు వేసుకుని రైలెక్కేవాడు. ఫిష్ట్‌నర్ వాళ్లమ్మ తర్వాత హెర్తా అవ్వ, హెర్తా అవ్వ తర్వాత మరొకరు. ఈ ఊళ్లో చావాల్సినవాళ్లందరూ అయ్యాక గాని తనకు సెలవు లేదు. తాను బాగా వాయించినంతకాలం వీళ్లు వదలరు. చేయాల్సిందేమిటో తెలిసిపోయింది. లేచి కేకు పళ్లెం మీద గుడ్డ కప్పాడు.

అక్టోబరు మొదటి ఆదివారం కోత పండుగ. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, ఆపిల్ పండ్లు, క్యాబేజీలు, గోధుమ కంకులు, ఫిష్ట్‌నర్ చేసిన చక్రమంత రొట్టె పెట్టారు. ఏడాదిలో క్రిస్మస్ తప్ప చర్చి ఇంతగా నిండే రోజు ఇంకోటి లేదు. ఫిష్ట్‌నర్ వాళ్లమ్మను కుర్చీతో సహా మోసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు.

మోయ్‌జెల్ పాటల పుస్తకం తెరిచాడు. ఇరవై రెండేళ్లుగా దాన్ని అలవాటుగా తెరుస్తున్నాడే గాని చూసి వాయించలేదు. ఈ రోజు చూశాడు. అందులో ఎలా ఉందో అలాగే, ఆ శ్రుతిలోనే, ఆ వేళ్లతోనే మొదలుపెట్టాడు.

మూడో స్వరానికి నల్ల మెట్టు కూసింది. కింద ఎవరో దగ్గారు. జనం పాట అందుకున్నారు, అలవాటైన చోటు కంటే శ్రుతి పైన ఉండేసరికి గొంతులు చీలాయి. రెండో పాదం చివర జనం ఆగారు, ఆయన ఆగలేదు. కాలి మెట్టు లేవలేదు. కింద ఆ పెద్ద గొట్టం గుర్రుమంటుంటే, పైన ఆ చిన్న గొట్టం కీచుమంటుంటే, మధ్యలో పాట ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. ఆయన మడమ తానంతట తాను పక్కకు కదిలింది. బలవంతాన ఆపుకున్నాడు. చేతులు సర్దబోయాయి, వాటినీ ఆపుకున్నాడు. తప్పుగా వాయించడం ఆయనకు ఎప్పుడూ ఇంత కష్టం కాలేదు, నిజానికి ఆయన వాయిస్తున్నది తప్పు కూడా కాదు. ఒక్కొక్కరే పాడడం మానేశారు. ఏడు చరణాలున్నాయి. ఏడూ వాయించాడు.

ఆరాధన అయ్యాక చర్చిలో గుసగుసలు కూడా లేవు. అదే ఆయనను ఎక్కువ నొప్పించింది. ఫిష్ట్‌నర్ పైకొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఎన్నాళ్లనుంచి దాస్తున్నారు సార్?” అన్నాడు.

మోయ్‌జెల్ చటుక్కున లేచాడు. అర్థమైంది వీడికి, చివరికి అర్థమైంది అనుకున్నాడు. “ఇరవై రెండేళ్లనుంచి” అన్నాడు.

“కాదు సార్, చేతులు. చేతులు ఎన్నాళ్లనుంచి ఇలా ఉన్నాయి?” ఫిష్ట్‌నర్ ఆయన రెండు చేతులూ తన బండ చేతుల్లోకి తీసుకుని నిమిరాడు. “అందుకేనా ఆవేళ ఆర్గన్ బాలేదన్నారు? నాకు తట్టలేదు చూడండి. మొద్దు వెధవని. మేమేమో కేకులు పట్టుకొచ్చి మిమ్మల్ని పీక్కుతిన్నాం. ఇంక చాలు సార్. వెళ్లండి. అక్క దగ్గరకెళ్లి హాయిగా ఉండండి. మాట గీటా ఏం లేదు, నేను చెప్తున్నా.”

కాదని చెప్పడానికి మోయ్‌జెల్ నోరు తెరిచాడు. మూసుకున్నాడు. కావలసిన సెలవు చేతిలో పడింది. దాన్ని వెనక్కి ఇచ్చి పరువు తెచ్చుకునే ఓపిక ఆయనకు లేదు.

కింద మెట్ల దగ్గర హెర్తా అవ్వ ఆయన బుగ్గ నిమిరింది. “పాపం, బిడ్డ. వయసు ఎవర్నీ వదలదు గదా” అంది. ఆ నెల రోజులూ ఊరంతా ఆయనతో మెత్తగా, కాస్త గట్టిగా, చెవుడు వచ్చినవాడితో మాట్లాడినట్టు మాట్లాడింది. కొట్లో వరసలో ముందుకు పంపారు. సంచి మోసిపెడతామన్నారు. ఆయన ముప్పై రెండేళ్లు వాయించిన పాటలన్నీ ఆ ఒక్క ఆదివారం కిందికి పోయాయి.

కాంటర్ లేని క్రిస్మస్ ఎవరికీ ఇష్టం లేదు కాబట్టి పెద్దలు మూతులు ముడుచుకునే కొర్నేలియాకు కబురు పంపారు. నవంబరు రెండో వారంలో ఆమె వచ్చింది. మోయ్‌జెల్ రైలు మర్నాడు పొద్దున్న. ఆయన సామాను రెండు పెట్టెలు, అంతే. ఏ తాళం ఏ తలుపుదో, బృందం వాళ్ల పేర్లు, తిత్తులకు గాలి కొట్టే మోటారు ఎక్కడ వేడెక్కుతుందో, అన్నీ ఆమెకు చెప్పాడు.

“ఇంక అసలుది చెప్పండి సార్” అంది ఆమె కుర్చీ లాక్కుని. “ఆ సర్దుబాటు. ఎడమచేత్తో మొదలెడదామా?”

“చెప్పను.”

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

“పుస్తకంలో ఉన్నట్టు వాయించు. కూస్తే కూయనీ. ప్రతి ఆదివారం కూయనీ. ఏడాదికో రెండేళ్లకో వాళ్లకే చెవులు నొప్పెట్టి వరసలో పేరు రాయిస్తారు. నువ్వు సర్దుకున్నావా, నీకు తొంభై ఏళ్లొచ్చినా ఇక్కడే ఉంటావు.”

“నన్ను తిడతారు గదా.”

“తిడతారు. పంపలేరు. ఇంకెవరూ లేరు.”

కొర్నేలియా నల్ల మెట్టును వేలితో నిమిరింది. “బేకరీలో చెప్పారు. కోత పండుగనాడు మీ చేతులు పడిపోయాయంట. అంతకు మూడు వారాల ముందే నేను చూశాను మీ చేతుల్ని. అది అబద్ధం సార్. మీరు కావాలనే చేశారు.”

ఆయన పాటల పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

“నేను వాళ్లకి చెప్తాను. ఇన్నేళ్లు మీరేం చేశారో చెప్తాను. ఈ ఊళ్లో ఒక్కడికన్నా తెలియాలి గదా! మీ గురించి వాళ్లు పాపం ముసలాయన అంటుంటే నేను వినలేను.”

చెప్పు తల్లీ, వెళ్లి చెప్పు, కొట్టు ముందు నిలబడి అందరికీ వినబడేలా చెప్పు అనాలని ఎంతగా అనిపించిందో ఆయనకే తెలుసు.

“చెప్పావనుకో” అన్నాడు. “‘ఓహో, చేతనైనవాడు వాయిస్తే ఇది కూయదన్నమాట’ అంటారు. ఇంక ఆర్గన్ బాగుచేయించరు. నిన్నే నేర్చుకోమంటారు. నా చేతులు పడిపోయాయనే అనుకోనీ. నువ్వు కాదనకు.”

“మీకు బాధగా లేదా?”

“ఉంది” అన్నాడు ఆయన. “చాలా ఉంది.”

ఆమె ఇంకా ఒప్పుకోలేదు. తల అడ్డంగా ఊపింది. ఇది అన్యాయం అంది. ఎవరో ఒకరికి, కనీసం పాస్టరుకన్నా చెప్తానంది. ఆయన వద్దన్నాడు. ఆమె మళ్లీ అడిగింది, ఆయన మళ్లీ వద్దన్నాడు. కిటికీలో వెలుగు తగ్గుతోంది. ఆయన కోటు వేసుకుని తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టాడు.

“సరే సార్” అంది కొర్నేలియా చివరికి. “చెప్పను.”

ఆమె ఇంకొక్కసారి కాదంటే బాగుండునని మోయ్‌జెల్‌కు అనిపించింది. కోటు బొత్తాలు పెట్టుకుంటూ కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆమె అనలేదు.